గాలి కింది ఊరు

ప్రతి మార్గశిరంలో మా పుట్టిల్లు పెద్దరేగడి నుంచి నాకొక సీసా వస్తుంది. మా వదిన ఓబుళమ్మ పంపుతుంది. అందులో ఉండేది శనగచేని పులుపు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పూతకొచ్చిన శనగ ఆకుల మీద సన్నగా పుల్లటి చెమ్మ ఊరుతుంది. దాని మీద మంచు పడుతుంది. ఎండ రాకముందే ఉతికిన పాత పంచె ఒకటి చేనిమీద పరిచి, తడిశాక గిన్నెలోకి పిండితే పులుపు దిగుతుంది. కడుపునొప్పికి మా వైపు అంతకు మించిన మందు లేదు. నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆ పులుపులో ఏయే ఆమ్లాలున్నాయో బోర్డు మీద రాసి చూపించగలను. అయినా కడుపులో మెలిపెడితే మాత్రం ఆ సీసా కోసమే అల్మారా అంతా గాలిస్తాను.

ఆ యేడు వచ్చిన సీసాలో వేలెడు కూడా లేదు. బస్సు కండక్టరు తాగేశాడేమోనని ముందు అతన్ని అనుమానించాను. తర్వాత వదినకు ఫోన్ చేశాను.

"మూడు దినాలు వరసగా పంచె పరిచినా లింగీ" అంది వదిన. నా పేరు లింగేశ్వరి, ఆమె నోట్లో అది ఎప్పుడూ పూర్తిగా పలకలేదు. "దండెం మింద ఆరేసిన గుడ్డ తీసుకున్నట్టు తీసుకున్నా. మంచు లేదు. పెద్దరేగడిలో మంచు లేకుండా శనగ పండిందే లేదు. ఇంగ ఈ చేనికి వాన పడదు, బోరు లేదు. ఏమైందో నీకేమన్నా తెల్సునా?"

తెలుసని చెప్పలేకపోయాను, తెలియదని కూడా చెప్పలేకపోయాను. ఆ మంచు ఎక్కడికి పోతోందో నాకు అనుమానముంది. మా ఇంటి కొళాయిలోంచి బిందెలోకి పోతోంది.

మా ఆయన మద్దిలేటి గురించి చెప్పాలి. పసిపిల్లల డైపర్లు చేసే కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాడు. డైపరులో తడి పీల్చుకునే తెల్లటి పొడి ఉంటుందే, దానితో కుస్తీ పట్టీ పట్టీ ఒక దారం తయారుచేశాడు. చల్లబడితే గాలిలోని తడిని తాగి ఉబ్బుతుంది. ఎండ తగిలితే తాగినదంతా కక్కేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. కంపెనీవాళ్లు ఆ దారం తమదన్నారు. ఇంట్లో వంటింటి పొయ్యి మీద చేసిందని నిరూపించుకుని, ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి రాళ్లకొత్తూరు వచ్చేశాడు. ఆ పొయ్యి నాది. ఆ గిన్నెలు ఈరోజుకీ జిగటే.

రాళ్లకొత్తూరు మా అత్తగారి ఊరు. గుట్ట మీద ఉంటుంది. అక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడు. మా అత్త తిమ్మక్కకు యాభై ఏళ్లకే మోకాళ్లు వంకర తిరిగాయి. బడిపిల్లలు నవ్వితే గోధుమరంగు పళ్లు కనిపించేవి. గవర్నమెంటు ఒకసారి నీళ్లను శుద్ధిచేసే ప్లాంటు కట్టించింది. రిబ్బను కత్తిరించిన పంతొమ్మిదో రోజున అది ఆగింది. దాన్ని బాగుచేయమని మద్దిలేటి తొమ్మిదేళ్లలో పెట్టిన అర్జీలు మా ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి.

అందుకేనేమో, ఆయన సిద్ధాంతం ఒకటే. "ఒకరి జోలికి మనం పోగూడదు. మన జోలికి ఇంకొకరు రాగూడదు. మాటిస్తే నిలబడల్ల. ఈ మూడూ ఉంటే గవర్నమెంటుకు పనేముండాది?"

"దొంగ వస్తే?" అనేదాన్ని.

"దానికి ఒక పోలీసుండొచ్చులే. ఒక్కడు చాలు."

"ఆ ఒక్కడే దొంగైతే?"

"అదే గదా నేను చెప్పేది!" అని ఎగిరి గంతేసేవాడు. ఆయనతో వాదించి గెలవడం నా వల్ల కాలేదు. ఆయన వల్లా కాలేదు.

ఊరికి పైన ఒక కనుమ ఉంది. రెండు గుట్టల మధ్య సందు. ఆ దారంతో నేసిన పన్నెండు తెరలు అక్కడ అడ్డంగా కట్టాడు. నీళ్లు వాటిలోంచి ఊరి వస్తాయి కాబట్టి జనం వాటిని ఊటతెరలన్నారు. ఒక్కో తెరకూ ఒక ఇనుప చక్రం, దాన్ని తిప్పితే తెర పైకి చుట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే తెరుచుకుని కిందికి దిగుతుంది. పన్నెండు చక్రాలకూ సరిపోయే పిడి ఒక్కటే. రోజుకు నలభై వేల లీటర్ల నీళ్లు, నోట్లో పోసుకుంటే వాన చినుకులా ఉండేవి. మొదటి రోజు మా అత్త ఒక గ్లాసు తాగి, రెండోది నెత్తిన పోసుకుంది.

ఇందులో ఆయన గర్వపడేది దారం గురించి కాదు, అడగడం గురించి. రెండువందల పన్నెండు ఇళ్లకూ ఐదు నెలలు తిరిగి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏం చేయబోతున్నాడో చెప్పి, ఒప్పుకుంటేనే వేలిముద్ర తీసుకున్నాడు. గుర్రప్ప అనే ఆయన తన చేనిలోంచి పైపు పోనివ్వనన్నాడు. ఆర్డరు తెచ్చి వేయిద్దామని ఊళ్లో పెద్దలన్నారు. మద్దిలేటి వినలేదు. ఆ చేను చుట్టూ ముప్పావు కిలోమీటరు తిప్పి పైపు వేశాడు. గుర్రప్ప ఇప్పుడు ఆ నీళ్లే తాగుతాడు, పైపు మాత్రం ఈరోజుకీ చుట్టూ తిరిగే వస్తుంది.

అలాంటి మనిషికి నేను ఖాళీ సీసా చూపించాల్సి వచ్చింది.

"నాలుగు శాతం" అన్నాడు మద్దిలేటి. "నువ్వు కొలిచిందే గదా. పెద్దరేగడి వైపు గాల్లో తడి తగ్గింది నాలుగు శాతమే. దానికి మంచు మొత్తం ఎట్ల పోతుంది?"

కొలిచింది నేనే, నిజం. తెరలు కట్టాక, కాలేజీలో పాఠం చెప్పినట్టే పెద్దరేగడి పొలిమేరలో పదడుగుల స్తంభాలు పాతించి, వాటి తలల మీద తేమ కొలిచే పెట్టెలు బిగించాను. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. మూడు నెలల లెక్కలు గీతలు గీసి గోడకు అంటించాను. ఆ గీతలు చూస్తే ఎవరైనా నిశ్చింతగా నిద్రపోతారు. మేమూ పోయాం.

ఆదివారం తెల్లవారుతుండగా వదిన చేనిలో ఉన్నాను. మా అన్న మెతక మనిషి, సేద్యమంతా వదినదే. ఆరెకరాల నల్లరేగడి, మోకాలెత్తు శనగ. పూత ఉంది, కానీ ఆకులు చేత్తో నలిపితే కాగితంలా చప్పుడైంది. మెడలో తేమమీటరు వేలాడేసుకుని నేనూ, పంచె పట్టుకుని వదినా చేనిలోకి దిగాం. నిలబడి చూశాను. ఎనభై ఎనిమిది. బాగానే ఉంది.

"ఆ కొస పట్టుకో" అంది వదిన. పంచె కొస పట్టుకుని వంగాను. మెడలోని మీటరు మోకాళ్ల దాకా దిగింది. డెబ్భైతొమ్మిది.

లేచాను. ఎనభై ఎనిమిది. మళ్లీ వంగాను. డెబ్భైతొమ్మిది. మంచు పట్టాల్సిన చోట అది నూటికి చేరాలి.

"ఏందే, గుంజీళ్లు తీస్తాండావు?" అంది వదిన.

చేనిలోనే కూలబడ్డాను. చల్లగాలి బరువు. చలికాలంలో అది గుట్టల మీద నుంచి నేలను అంటుకుని, వంకలో నీళ్లలాగా కనుమలోంచి కిందికి జారుతుంది. మోకాలెత్తున పారుతూ వచ్చి ఈ చేలమీద పరుచుకుంటుంది. పెద్దరేగడికి మంచు వచ్చే దోవ అదే. ఆ దోవకు అడ్డంగా, నేలకు ఆనించి, పన్నెండు తెరలు కట్టాం. కింద వంక ఎండుతుంటే నేను పదడుగుల ఎత్తున కొలుస్తూ కూర్చున్నాను. మా వదిన పాత పంచె చెప్పిన సంగతి నా పెట్టెలు చెప్పలేదు.

ఆమెతో మొత్తం చెప్పాను. దాచడానికి ఏం లేదు. వదిన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మీ ఊర్లో ఇంటింటికీ పోయి అడిగినాడంట గదా నీ మొగుడు" అంది పంచె మడుస్తూ. "ఒకాయప్ప వద్దంటే పైపు గూడా తిప్పినాడంట. మంచిదే. మరి మా ఊరికి దోవ తెలీలేదా?"

నేను వెళ్లి ఆ మాట ఉన్నదున్నట్టు మద్దిలేటికి చెప్పాను. ఆయన మర్నాడు తనే వెళ్లి, ఆ చేనిలో బోర్లా పడుకుని కొలుచుకుని వచ్చాడు. చొక్కాకు ముందంతా పొడి మట్టి. తడిమట్టి అయివుంటే అంటుకునేది, పొడి కాబట్టి దులిపితే రాలిపోయింది. అది ఆయనా చూశాడు.

"తెరలు కట్టేముందు ఈ కనుమ కింద ఎవరుండారో అని ఒక్కసారి తలకాయ తిప్పి చూడలేదు" అన్నాడు. "గుర్రప్ప చేను కనపడింది గాబట్టి తిప్పినా. ఇది కనపడలేదు."

"మనకు తెలియదు కదా" అన్నాను, కాస్త ఓదార్చుదామని.

"తెలీకుండా తొక్కినా, తొక్కింది నా కాలే గదా లింగేశ్వరీ."

ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన అన్నం వదిలేయడం నేను అదే మొదటిసారి చూడటం.

రెండు రోజులకు ప్రసూనగారి జీపు వచ్చింది. ఆమె వాయుజల సంస్థలో డిప్యూటీ డైరెక్టరు. గాలి నుంచి నీళ్లు తీసేవాళ్ల కోసం కొత్తగా పెట్టిన గవర్నమెంటు ఆఫీసది. అంతకుముందు లైసెన్సు తీసుకోమని మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మద్దిలేటి కాఫీ ఇచ్చి పంపేశాడు. మంచి మనిషి, తెలివైనది, మా కాలేజీ స్టాఫ్‌రూములో ఉంటే నాకు స్నేహితురాలయ్యేది. ఈసారి ఆమె దగ్గర ఉపగ్రహం తీసిన ఫొటోలున్నాయి. పెద్దరేగడి చేలు వాటిలో పాలిపోయి కనిపిస్తున్నాయి.

"మీరు ఎవరినీ బలవంతపెట్టలేదని నాకు తెలుసు మద్దిలేటిగారూ" అంది. "కానీ మీరు అడిగింది మీ కళ్లముందున్నవాళ్లను. మీ గడప దాకా రాలేనివాళ్లు, తమకేం జరుగుతోందో కూడా తెలియనివాళ్లు ఉంటారు. వాళ్ల తరఫున అడగడానికే ప్రభుత్వం ఉండేది."

మద్దిలేటి తల వంచుకున్నాడు. "ఆ మాట నిజం మేడమ్. తప్పు చేసినా. ఏం చేయమంటారు?"

ఆమె సంచిలోంచి కాగితాలు తీసింది. "వచ్చే నెల జీవో వస్తోంది. గాలిలోని తడి అంతా ప్రభుత్వ ఆస్తి. మీరు మా లైసెన్సుదారు అవుతారు. తెరలు మా పేరు మీద నడుస్తాయి, తాగునీరు అత్యవసరం కాబట్టి ఎప్పుడూ ఆగవు. మీ మీద ఎవరూ దావా వేయలేరు. ఇక్కడ సంతకం పెట్టండి."

"పెద్దరేగడోళ్లు?"

"పథకం కింద పరిహారం ఇస్తాం. అర్జీ పెట్టుకుంటే పరిశీలిస్తారు."

"వాళ్లు వద్దంటే?"

"దేన్ని?"

"వాళ్లకు పరిహారం వద్దు, మంచే కావాలంటే?"

ప్రసూనగారు ఓపికగా నవ్వింది. "తడి ప్రభుత్వానిది అయ్యాక, అది వాళ్లది కాదు కదండీ."

మా అత్త గుమ్మంలో కూర్చుని వింటోంది, వంకర మోకాళ్ల మీద చేతులు వేసుకుని. ఆ కాగితం మీద సంతకం పడితే ఆమెకు జీవితాంతం మంచినీళ్లు. పిల్లలకు తెల్లటి పళ్లు. మద్దిలేటికి ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. నిజం చెబుతున్నాను, పెట్టేస్తే బాగుండునని నాకు ఒక్క క్షణం అనిపించింది. నా గీతల తప్పు కూడా ఆ కాగితం కిందకు పోయేది.

ఆయన కాగితాన్ని రెండువైపులా చదివాడు. తర్వాత దాన్ని ఆమె చేతిలోనే పెట్టాడు.

"అడగకుండా తీసుకున్న తప్పు నేను తెలీక చేసినా మేడమ్. మీరు దాన్నే తెలిసి చేద్దామంటాండారు. ఒబ్బుకోను. నేను చేసిన నష్టానికి నేను జవాబు చెప్పుకుంటా."

"మీరొక్కరూ ఎంతమందికి చెబుతారు?"

"ఎంతమందుంటే అంతమందికి."

ఈసారి కాఫీ ఆమె తాగలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాళ్లకొత్తూరు జనాన్ని బడి దగ్గర కూర్చోబెట్టి మద్దిలేటి సంగతి చెప్పాడు. పెద్దరేగడి వాళ్లు ఎలా అంటే అలా చేస్తానన్నాడు. తెరలు చుట్టేయమంటే చుట్టేస్తానన్నాడు. జనం మండిపడ్డారు. మండిపడరా మరి?

"మాతో ఒప్పందం రాసుకున్నావు!" అన్నాడు గుర్రప్ప, అందరికంటే గట్టిగా. "నీళ్లిస్తానని మాటిచ్చినావు. మా మాటేమైతాది?"

"నాది గానిది మీకిస్తానని మాటిచ్చినా గుర్రప్పా. నాది తప్పే. ఇంగెట్లన్నా నీళ్లు తెచ్చిచ్చే పూచీ నాది. ట్యాంకరు తోలతా. దారం అమ్ముకుంటానో, ఇల్లు అమ్ముకుంటానో, నా తంటా."

ఇల్లు అన్నప్పుడు నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ ఇంట్లో సగం నా జీతం ఉంది. ఊపకపోతే ఆయన ఆ మాటను వెనక్కి తీసుకునేవాడని కూడా తెలుసు. అందుకే ఊపాను.

పెద్దరేగడిలో సభ లాంటిదేమీ జరగలేదు. కనుమగాలి పారే చేలు నలభై మూడు కుటుంబాలవి. మద్దిలేటి ఒక్కొక్కరి కల్లం దగ్గరికీ నడిచి వెళ్లాడు. కొందరు తిట్టారు. ఒకాయన చెప్పు తీశాడు. చివరికి అందరూ ఓబుళమ్మ ఏమంటే అదే మా మాటన్నారు. ఎందుకంటే మంచు పోయిందని మొదట పసిగట్టింది ఆమె.

వదిన ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టింది. తనూ ఎదురుగా కూర్చుంది.

"అక్కా, నష్టానికి వెల చెప్పు" అన్నాడు మద్దిలేటి.

"వెల చెప్తే కొన్నట్టయితాది. నేను అమ్మడానికి పెట్టలేదు నాయనా."

"మరేం చేయమంటావు? తెరలు పీకేయమంటే పీకేస్తా."

వదిన చాలాసేపు ఆలోచించింది. బర్రెకు గడ్డి వేసి వచ్చి మళ్లీ ఆలోచించింది. "పీకితే మీ అత్తాకోడళ్లు మళ్లా ఆ విషం తాగల్ల. అది నాకు ఇష్టం లేదు. ఆ చక్రాలు తిప్పే పిడి ఒకటుంటాదంట గదా?"

"ఉండాది."

"అది నాకియ్యి. మంచు కురిసే కాలమంతా నా దగ్గరుంటాది. ఎప్పుడు తెరవల్ల, ఎన్ని తెరవల్ల అనేది నేను చెప్తా. ఆరునెలలు మీవి, ఆరునెలలు మావి అని చీట్లు రాసుకునేది కూడా వద్దు. నన్ను అడగండి. నేను చూసి చెప్తా."

ఎవరి చేతికిందా ఉండనని ఉద్యోగమే వదిలేసి వచ్చిన మనిషి మా ఆయన. జేబులోంచి పిడి తీసి, రెండు చేతులతో మా వదినకిచ్చాడు. ఇంకో పిడి చేయించనని మాటిచ్చాడు. ఇంటికొచ్చేదాకా బండి వెనక కూర్చుని నేను ఏడుస్తూనే ఉన్నాను. దుఃఖం కాదది. ఆయన్ను చేసుకున్నందుకు గర్వంగా ఉండి ఏడ్చాను.

తెరలన్నీ చుట్టేశారు. వారంలోపే పెద్దరేగడిలో పంచెలు తడిశాయి.

రాళ్లకొత్తూరులో మాత్రం ఆ తర్వాతి నెలన్నర కష్టంగానే గడిచింది. ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చేది. ఇంటికి నాలుగు బిందెలు. చాలనివాళ్లు మళ్లీ బోరు కొట్టుకున్నారు. మా అత్త ట్యాంకరు నీళ్లు పక్కింటి బాలింతకు పంపించి, తను బోరు నీళ్లు తాగుతోందని నాకు పదిహేను రోజులకు గానీ తెలియలేదు. అడిగితే "నా మోకాళ్లు ఇంగ కొత్తగా వంగేదేముండాదిలే అమ్మీ" అంది. ఆ మాటకు మద్దిలేటి పెరట్లోకి వెళ్లిపోయాడు. అది కూడా ఆయన జవాబు చెప్పాల్సిన లెక్కే, దానికి జవాబు లేదు.

ఆ నెలన్నరా నేను చేసిన పని ఒకటుంది. స్తంభాల మీది పెట్టెలన్నీ విప్పి, మోకాలెత్తున బిగించాను. వాటి అంకెలు వదిన ఫోనుకు పోయేట్టు పెట్టాను. ఆమె ఊరకే చూడలేదు. ఒకరోజు కనుమకు వచ్చి ఒక తెర దించింది, రెండు రోజులు చూసింది. ఇంకోటి దించింది. మళ్లీ చుట్టింది. ఏం చూస్తోందో మాకెవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

పుష్యమాసంలో జీవో వచ్చింది. దానితోపాటే ఒక ఆర్డరు కూడా. రాళ్లకొత్తూరు ప్రజల తాగునీటి అవసరాన్ని దృష్టిలో ఉంచుకుని పన్నెండు తెరలనూ వెంటనే తెరవాలి. లేకపోతే మద్దిలేటి మీద కేసు.

ప్రసూనగారు పొద్దున తొమ్మిదింటికల్లా కనుమ దగ్గరికి వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్లు, చక్రాలు కోసి తెరలు దించడానికి మిషనుతో ఒక వెల్డరు. ఆర్డరు చదివి వినిపించింది. మద్దిలేటి తెరల ముందు నిలబడ్డాడు.

"పిడి నా దగ్గర లేదు మేడమ్. ఉన్నా తెరవను. మాటిచ్చినా. నన్ను తీసుకుపోవల్లంటే పోండి, మీ పని మీది."

నేను రెండడుగులు వెనక్కి వేశాను, ఒప్పుకుంటాను. ధైర్యంగా నిలబడ్డానని రాయాలని ఉంది గానీ నిలబడింది ఆయన.

అప్పుడు కిందినుంచి రెండు బండ్లొచ్చాయి. ఒకదాని మీద గుర్రప్ప, ఆయన వెనక మా అత్త. రెండోదాని మీద మా అన్న, వెనక ఓబుళమ్మ వదిన, ఒడిలో పిడి.

మా అత్త కర్ర ఊతతో దిగింది. "ఆ కాగితంలో మా పేరు రాసినారంట గదమ్మా. మా కోసమే ఇదంతా చేస్తాండారంట."

"అవునమ్మా. మీ హక్కు కోసమే" అంది ప్రసూనగారు.

"మా కోసమైతే వద్దు. వాళ్లకు ఇష్టం లేకుండా వాళ్ల మంచు నేను తాగను. నన్నడిగి రాసుంటే అప్పుడే చెప్పేదాన్ని."

గుర్రప్ప కూడా ముందుకొచ్చాడు. ఆయన పేచీకోరు, ఏం పేలుతాడోనని భయపడ్డాను. "నా చేన్లో పైపు వద్దంటే ఈ మద్దిలేటి చుట్టూ తిప్పినాడు సార్" అన్నాడు, మేడమును కూడా సారనడం ఆయన అలవాటు. "నాకొక నాయం, వాళ్లకొక నాయమా?"

వెల్డరు మిషను కింద పెట్టాడు. కానిస్టేబుళ్లు ప్రసూనగారి మొహం చూశారు. ఆమె చెమట తుడుచుకుంది. ఆమె దగ్గర ఆర్డరుంది, బలగముంది. కోసేయమంటే పది నిమిషాల పని. మేమెవరమూ ఆపగలిగేవాళ్లం కాదు.

ఈలోగా మా వదిన ఎవరితోనూ మాట్లాడకుండా తెరల దగ్గరికి నడిచింది. పిడి మొదటి చక్రానికి తగిలించి తిప్పింది. తెర సరసరా కిందికి దిగింది. రెండోది. మూడోది. ఆగి, పిడి తీసి కొంగుతో తుడుచుకుంది.

మేం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

"మూడు తెరిస్తే నా చేనికి ఏం గాదు" అంది వదిన మా అత్తతో. "నెలన్నర చూసుకున్నా. పదివేల లీటర్లు వస్తాయి. తాగడానికీ, వండుకోడానికీ సరిపోతాయి పెద్దమ్మా. ఇంగ ఆ బోరు నీళ్లు తాగొద్దు."

మా అత్త ఆమె చేయి పట్టుకుంది.

ప్రసూనగారు కాగితం చూసుకుని మెల్లగా అంది. "ఆర్డరు పన్నెండు తెరలకూ ఉందమ్మా. మిగతా తొమ్మిది?"

"ఆర్డరు సంగతి నాకు తెలీదు" అంది వదిన. "నన్నెవరూ ఏమీ అడగలేదు. కావాలంటే అడుగు. నోరుంది గదా."

ప్రసూనగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. దానికి ఆమె పై అధికారులకు ఏమని జవాబు చెప్పుకుందో, ఆ తర్వాత ఎక్కడికి బదిలీ అయిందో అదంతా వేరే కథ. ఆ పూట మాత్రం చెప్పులతో రాళ్లమీద తడబడుతూ నడిచి వచ్చి, మా వదిన ఎదురుగా నిలబడింది.

"ఓబుళమ్మగారూ, మిగతా తొమ్మిది కూడా తెరుస్తారా?"

మా వదిన ఆ ప్రశ్నను మర్యాదగా ఆలోచించింది. కింద చేల వైపు చూసింది. కాయ ఇంకా గట్టిపడలేదు.

"లేదమ్మా" అంది. "తెరవను."

ప్రసూనగారు తలూపింది. కానిస్టేబుళ్లను, వెల్డరును జీపెక్కమని చెప్పింది. తనూ వెనక్కి తిరిగింది.

"యాడికి పోతావు?" అని కేకేసింది వదిన. "అంత దూరం వచ్చి అడిగినావు. ఇంటికొచ్చి మజ్జిగ తాగి పో."